గడ్డకట్టిన నేల వరదను ఎలా పెంచుతుంది: తిరుపతిలో ఇంట్లోనే పరీక్షించి, లెక్కగట్టి తెలుసుకునే పద్ధతి

నదికి ఎంత వరద వస్తుందో చెప్పాలంటే ఆకాశం నుంచి ఎంత నీరు పడుతుందో తెలిస్తే చాలదు, పడిన నీటిలో నేల ఎంత తాగుతుందో, ఎంత వదిలేస్తుందో కూడా తెలియాలి. చలిదేశాల్లో ఈ రెండో లెక్కను తారుమారు చేసేది గడ్డకట్టిన నేల. అమెరికాలోని ఉత్తర డకోటా, మిన్నెసోటా, కెనడాలోని మానిటోబా వంటి చోట్ల మార్చి, ఏప్రిల్ నెలల్లో మంచు కరిగేటప్పుడు కింది నేల గడ్డకట్టి ఉందా, అది ఏ తీరున గడ్డకట్టింది అన్నది వరద అంచనాలో పెద్ద ప్రశ్న అవుతుంది. మన తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో నేల గడ్డకట్టదు, పుష్యమాసపు చలిలో హార్సిలీ కొండల మీద కూడా కట్టదు. అయినా ఈ సంగతిని మనం చేత్తో చేసి నేర్చుకోవడానికి మూడు కారణాలున్నాయి. ఇక్కడి కళాశాలల్లో నీటి శాస్త్రం చదివే విద్యార్థులకు పాఠంలో ఈ అంశం ఎదురైనా కళ్ళతో చూసే అవకాశం ఉండదు, పిల్లలు ఆ చలి ఊళ్ళలో స్థిరపడిన తల్లిదండ్రులకు అక్కడి వరద హెచ్చరికల భాష అంతుపట్టదు. అంతకంటే ముఖ్యమైన కారణం మరొకటి: నేల రంధ్రాలు మంచుతో మూసుకుపోయినా, నీటితో నిండిపోయినా వాన నీటికి లోపలికి దారి దొరకదు. 2021 నవంబర్‌లో మన జిల్లా చూసినది ఈ రెండో పరిస్థితినే.

కింద చెప్పే పనిలో మూడు భాగాలున్నాయి. మొదట ఇంటి ఫ్రీజర్‌లో మట్టిని గడ్డకట్టించి నీరు ఇంకే తీరును చూస్తారు, తర్వాత చలి లెక్క వేయడం నేర్చుకుంటారు, చివర అదే లెక్కను మన ఈశాన్య రుతుపవనాల వానకు మార్చుకుంటారు. మొదటి భాగానికి మూడు నాలుగు రోజులు పడుతుంది, తొందరపడితే ఫలితం తప్పుతుంది.

మొదలుపెట్టే ముందు గుర్తుంచుకోవలసినది

మట్టి రేణువుల మధ్య ఖాళీలుంటాయి. వదులుగా దున్నిన నేలలో ఆ ఖాళీలు మొత్తం పరిమాణంలో దాదాపు సగం ఉంటాయి. వాన నీరు ఆ ఖాళీల గుండానే కిందికి దిగుతుంది. చలికాలం వచ్చేసరికి ఆ ఖాళీల్లో గాలి ఎక్కువగా ఉంటే, నేల గడ్డకట్టినా నీటికి దారి మిగిలే ఉంటుంది. నీరు ఎక్కువగా ఉంటే ఆ నీరు గడ్డకట్టి దారిని మూసేస్తుంది. గడ్డకట్టేటప్పుడు నీరు సుమారు 9 శాతం వ్యాకోచిస్తుంది కనుక మిగిలిన కొద్దిపాటి ఖాళీ కూడా బిగుసుకుపోతుంది. అందువల్ల ‘నేల గడ్డకట్టింది, కాబట్టి వరద వస్తుంది’ అని నేరుగా తేల్చడం సరికాదు. గడ్డకట్టే ముందు ఆ నేల ఎంత తడిగా ఉంది అన్నదే అసలు ప్రశ్న. ఈ ఒక్క మాట మీకు అనుభవంలోకి వస్తే ప్రయోగం ఫలించినట్టే.

ఇంకొక సంగతి కూడా ఉంది. సున్నా డిగ్రీలకు చేరగానే మట్టిలోని నీరంతా ఒక్కసారిగా గడ్డకట్టదు. రేణువులను అంటుకుని ఉన్న పలుచని నీటి పొర, ముఖ్యంగా బంకమట్టిలో, సున్నాకు దిగువన కూడా ద్రవంగానే ఉంటుంది. గడ్డకట్టే పొర కింది తడి మట్టి నుంచి నీటిని తనవైపు లాక్కుంటుంది, అలా వచ్చిన నీరు పలుచని మంచు రేకులుగా పేరుకుంటుంది. తడిగా ఉన్న సాగు భూముల్లో ఇలాంటి రేకులు దగ్గర దగ్గరగా ఏర్పడి నేలను కాంక్రీటులా బిగిస్తాయి. ఆకులు కుళ్ళి గుల్లబారిన అడవి నేలలో మాత్రం మంచు పలుకులు పలుకులుగా కడుతుంది, నీరు వాటి సందుల్లోంచి దిగిపోతూనే ఉంటుంది. ఒకే ఊళ్ళో, ఒకే చలికి, పొలం ఒకలా అడవి మరొకలా ప్రవర్తించడానికి కారణం ఇదే.

కావలసినవి సమకూర్చుకోవడం

నాలుగు అంగుళాల పీవీసీ గొట్టాన్ని 14 సెంటీమీటర్ల పొడవున ఐదు ముక్కలు కోయించుకోండి. ప్లంబింగ్ సామాను అమ్మే దుకాణాల్లో కోసి మిగిలిన ముక్కలు తక్కువకే దొరుకుతాయి. మీ ఫ్రీజర్ ఎత్తు ముందుగానే కొలుచుకోండి, ఒంటి తలుపు ఫ్రిజ్‌లలో అది సరిపోకపోవచ్చు. గాజు సీసాలు, పింగాణీ పాత్రలు వాడకండి, తడి మట్టి గడ్డకట్టేటప్పుడు వ్యాకోచించి వాటిని పగలగొడుతుంది. పాత పంచె గుడ్డ, పురికొస, మందమైన పాలిథిన్ సంచులు, థర్మోకోల్ పలకలు, మిల్లీలీటర్ల గీతలున్న కొలపాత్ర, పెద్ద సిరంజి, సన్నని సైకిల్ పుల్ల, సున్నాకు దిగువ అంకెలు చూపించే థర్మామీటర్ కూడా ఉండాలి.

మట్టి కోసం దూరం పోనక్కర్లేదు. చంద్రగిరి, పాకాల వైపు పొలాల్లో దొరికే ఎర్ర గరప నేల ఈ పనికి బాగుంటుంది. పెరట్లో ఎరువు కలిపిన మట్టి వద్దు, అందులోని ఆకు ముక్కలు ఫలితాన్ని అడవి నేల వైపు లాగుతాయి. తెచ్చిన మట్టిని రెండు రోజులు ఎండబెట్టి, గడ్డలు చిదిపి, జల్లెడ పట్టండి. ఒక్కో గొట్టానికి సుమారు ఒక కిలో నూరు గ్రాముల ఎండు మట్టి పడుతుంది.

గొట్టాలను నింపడం

ప్రతి గొట్టం అడుగున గుడ్డను బిగించి కట్టండి. లోపల అడుగు నుంచి 10 సెంటీమీటర్ల దగ్గర గీత గీయండి, మట్టి అంతవరకే రావాలి, పైన మిగిలిన ఖాళీ నీరు నిలవడానికి. గొట్టం లోపలి వ్యాసం 10 సెంటీమీటర్లయితే దాని వైశాల్యం 78.5 చదరపు సెంటీమీటర్లు అవుతుంది, అందులో 200 మిల్లీలీటర్ల నీరు పోస్తే 25 మిల్లీమీటర్ల వాన కురిసినట్టు లెక్క. మీ గొట్టం వ్యాసం కొద్దిగా తేడాగా ఉంటే నీటి కొలతను ఆ మేరకు సరిచేసుకోండి.

ఒకటో గొట్టానికీ రెండో గొట్టానికీ మట్టిలో 50 మిల్లీలీటర్ల నీరు మాత్రమే కలపండి, ఇది ఎండిన శరదృతువు తర్వాతి నేలకు నమూనా. మూడో గొట్టానికి 180 మిల్లీలీటర్లు కలపండి. అప్పుడు మట్టి పిడికిట్లో ముద్దగా నిలుస్తుంది, వేలితో తాకితే విడిపోతుంది, మన రైతులు పదును అనే స్థితికి దగ్గరగా ఉంటుంది. నాలుగు, ఐదు గొట్టాలకు అడుగున గుడ్డ మీదుగా పాలిథిన్ సంచి గట్టిగా కట్టి, మట్టి నింపి, పైన నీటి పొర మెరిసేదాకా కొద్దికొద్దిగా నీరు పోస్తూ పోండి. గాలి బుడగలు రావడం ఆగిపోయాక ఆ మట్టి నిండా నానినట్టు. అన్నింటినీ నేల మీద మెల్లగా తట్టి ఒకే తీరున కుదించండి. గొట్టం గోడకూ మట్టికీ మధ్య సందు ఉంటే నీరు దొంగదారిన దిగిపోతుంది కనుక అంచు వెంట జిగటమట్టిని వేలితో అదమండి.

గడ్డకట్టించడం

రెండు, మూడు, నాలుగు గొట్టాలు ఫ్రీజర్‌లోకి వెళతాయి, ఒకటి, ఐదు బయటే ఉంటాయి. ప్రకృతిలో చలి పైనుంచి మాత్రమే నేలలోకి దిగుతుంది, ఫ్రీజర్‌లో అది అన్ని వైపుల నుంచీ వస్తుంది. అందుకే గొట్టం చుట్టూ, అడుగునా థర్మోకోల్ పెట్టి, పైభాగాన్ని మాత్రం తెరిచి ఉంచండి. తినే పదార్థాలకు మట్టి తగలకుండా మొత్తాన్ని పెద్ద సంచిలో వదులుగా ఉంచండి. వీలైతే ఆ రెండు రోజులు ఆ అర మొత్తాన్ని ఖాళీ చేయడం మంచిది.

రోజుకు రెండుసార్లు సైకిల్ పుల్లతో గుచ్చి చూసి, ఎంత లోతు వరకు గట్టిపడిందో రాసుకోండి. ఈ దశను దాటవేయకండి. రెండో గొట్టం త్వరగా చల్లబడుతుంది, నాలుగోది చాలా ఆలస్యం చేస్తుంది. ఒక కిలో నీరు గడ్డకట్టాలంటే 334 కిలోజౌళ్ల వేడి బయటికి పోవాలి కనుక, నీరు ఎక్కువగా ఉన్న మట్టి చలికి ఎక్కువ కాలం ఎదురు నిలుస్తుంది. అదే కారణం చేత ఒకసారి గడ్డకట్టాక అది త్వరగా కరగదు కూడా. వసంతంలో పైన మంచు కరిగి నీరు పారుతున్నా కింది తడి నేల ఇంకా గట్టిగానే ఉండిపోవడంలో దీని పాత్ర ఉంది. నాలుగో గొట్టంలో మట్టి మట్టం మీరు గీసిన గీతను దాటి మూడు నాలుగు మిల్లీమీటర్లు పైకి ఉబ్బడం కూడా కనిపించవచ్చు, లేదా అడుగు గుడ్డ బయటికి పొంగవచ్చు.

పూర్తిగా గడ్డకట్టాక వెంటనే నీరు పోయకండి. ఇంటి ఫ్రీజర్ మట్టిని సున్నాకు 10, 15 డిగ్రీల దిగువకు తీసుకుపోతుంది. అంత చల్లని మట్టిలోకి దిగిన నీరు దారిలోనే గడ్డకట్టి, పొడి మట్టిని కూడా మూసేయగలదు. మంచు కరిగే రోజుల్లో నేల సాధారణంగా సున్నాకు కొద్దిగానే దిగువన ఉంటుంది. కాబట్టి గొట్టాలను ఫ్రిజ్ కింది అరలో రెండు గంటలు ఉంచి, థర్మామీటర్ సున్నాకు రెండు మూడు డిగ్రీల దిగువన చూపించినప్పుడు బయటికి తీయండి. థర్మామీటర్ కోసం మట్టి మెత్తగా ఉన్నప్పుడే ఒక స్ట్రా గుచ్చి ఉంచితే తర్వాత గడ్డకట్టిన మట్టిని తొలవవలసిన పని ఉండదు. నీరు పోసే ముందు ఆ స్ట్రా పైమూతిని మైనంతో మూసేయండి.

నీరు పోసి చూడడం

ఐసు ముక్కలు వేసి చల్లార్చిన నీటిని వడగట్టి సిద్ధంగా ఉంచుకోండి, కుళాయి నీరు పోస్తే మంచు కరిగిపోయి పరీక్ష పాడవుతుంది. నాలుగో గొట్టం అడుగున ఉన్న పాలిథిన్ తీసేయండి. ప్రతి గొట్టాన్నీ ఒక గిన్నె మీద నిలబెట్టి, మట్టి మీద చిన్న గుడ్డ ముక్క పరిచి, దాని మీద 200 మిల్లీలీటర్ల నీటిని మెల్లగా పోయండి. నీరంతా ఇంకిపోయిన సమయాన్ని రాసుకోండి. అరగంట గడిచినా ఇంకకపోతే పైన మిగిలిన నీటిని సిరంజితో తీసి కొలవండి. పోసిన నీటిలో మిగిలిన నీటి శాతమే ఆ నేల నదికి వదిలే వాటా.

ఒకటో గొట్టంలో నీరు చూస్తుండగానే దిగిపోతుంది. రెండోది గడ్డకట్టినదే అయినా నీటిని తాగుతుంది. చాలామందిని ఆశ్చర్యపరిచేది ఇదే, గడ్డకట్టిన నేల అనగానే రాయి అనుకుంటాం కనుక. మూడోది మధ్యస్థంగా ఉండి, మీ మట్టి రకాన్ని బట్టి అటో ఇటో మొగ్గుతుంది. నాలుగో గొట్టం మీద నీరు అద్దంలా నిలిచిపోతుంది. అంచు వెంట సన్నని ధార కిందికి కారుతూ కనిపిస్తే అది ఇంకడం కాదు, గోడ పక్క సందు, ఆ ఫలితాన్ని లెక్కలోకి తీసుకోకండి.

ఐదో గొట్టానికి రెండు సార్లు పరీక్ష చేయాలి. మొదట పాలిథిన్ తీయకుండా నీరు పోయండి, లోపల చోటు లేదు కనుక నీరు పైనే నిలుస్తుంది. తర్వాత పాలిథిన్ విప్పండి, కాసేపటికి అడుగు నుంచి చుక్కలు మొదలై పైనున్న నీరు నెమ్మదిగా దిగడం మొదలవుతుంది. నానిన నేలకూ గడ్డకట్టిన నేలకూ ఉన్న తేడా ఇక్కడ తెలుస్తుంది. నానిన నేలకు కింద దారి ఉంటే అది కోలుకుంటుంది, అడుగున బండ ఉంటే కోలుకోదు. శేషాచలం వాలుల్లో పలుచని మట్టి కింద గట్టి రాయి ఉన్నచోట్ల పాలిథిన్ కట్టిన ఐదో గొట్టమే అసలైన నమూనా.

చివరగా నాలుగో గొట్టంలోని మట్టిని మళ్ళీ ఫ్రీజర్‌లో పెట్టి గట్టిపరిచి, గొట్టంలోంచి నెట్టి సుత్తితో అడ్డంగా పగలగొట్టండి. విరిగిన ముఖం మీద భూతద్దంతో చూస్తే ఎర్ర మట్టి మధ్య వెంట్రుక మందపు తెల్లని రేకులు అడ్డంగా పరుచుకుని కనిపించవచ్చు. వేలితో తాకితే అవి కరిగి సన్నని గాడిలా మిగులుతాయి. నీటి దారిని మూసినవి ఆ మంచూ, రేణువుల మధ్య నిండిన మంచూ కలిసి.

గొట్టం నుంచి పరీవాహక ప్రాంతానికి

ఇప్పుడు లెక్క. పది చదరపు కిలోమీటర్ల పరీవాహక ప్రాంతం మీద 25 మిల్లీమీటర్ల నీరు పడితే, లేదా అంత నీటికి సరిపడా మంచు కరిగితే, మొత్తం రెండున్నర లక్షల ఘనమీటర్లు అవుతుంది. అందులో ఒక్క చుక్క కూడా ఇంకకుండా ఆరు గంటల్లో వాగుకు చేరితే సగటు ప్రవాహం దాదాపు 410 క్యూసెక్కులు. నేల నాలుగింట మూడు వంతులు తాగితే అది నూరు క్యూసెక్కులకు కొంచెం పైన ఉంటుంది. వానలో మార్పు లేదు, వాగులో నాలుగు రెట్ల తేడా. మీ గొట్టాల్లో వచ్చిన శాతాలను ఈ లెక్కలో పెట్టి చూడండి. అయితే ఒక గొట్టం ఫలితాన్ని ఒక నదికి యథాతథంగా అంటగట్టకూడదు. పరీవాహక ప్రాంతమంటే పొలం, అడవి, ఊరు, కుంట అన్నీ కలిసినది, గుంటల్లో నిలిచే నీరు ఉంటుంది, ప్రవాహం సమానంగా కాక ఒక దశలో ఉవ్వెత్తున వస్తుంది. దిశ మాత్రం ఈ లెక్క సరిగ్గానే చూపుతుంది.

చలి లెక్క వేయడం

అంచనా వేసేవారు ప్రతి పొలంలోనూ గుచ్చి చూడలేరు. కొన్ని కేంద్రాల్లో రంగునీరు నింపిన సన్నని గొట్టాన్ని నేలలో దించి ఉంచుతారు, నీరు గడ్డకట్టినంత మేర రంగు పోయి తేటగా కనిపిస్తుంది కనుక లోతు తెలుస్తుంది. అలాంటి కొలత లేనిచోట గాలి ఉష్ణోగ్రత నుంచే నేల స్థితిని ఊహించే ఒక సులువైన లెక్కను మోల్నౌ, బిసెల్ అనే ఇద్దరు 1983లో ప్రతిపాదించారు. దాన్ని మీరు నోటుపుస్తకంలోనే చేయవచ్చు.

చలికాలం మొదట్లో అంకె సున్నా. ప్రతి రోజూ నిన్నటి అంకెను 0.97తో గుణించి, అందులోంచి ఈ రోజు సగటు ఉష్ణోగ్రతను సెల్సియస్‌లో తీసివేయండి. ఉష్ణోగ్రత సున్నాకు దిగువన ఉంటే తీసివేత కూడికగా మారి అంకె పెరుగుతుంది, పైన ఉంటే తగ్గుతుంది. అంకె సున్నా కంటే కిందికి పోతే సున్నాగానే ఉంచండి. వారు అమెరికా వాయవ్య ప్రాంతానికి చేసిన పనిలో ఈ అంకె 83 దాటితే నేల గడ్డకట్టినట్టుగా, 56 లోపు ఉంటే గడ్డకట్టనట్టుగా, మధ్యలో ఉంటే సందిగ్ధంగా భావించారు. వేరే ప్రాంతాలకు ఈ హద్దులను అక్కడి కొలతలతో సరిచూసుకోవాలి.

మంచు దుప్పటి ఉంటే ఉష్ణోగ్రతను తీసివేసే ముందు తగ్గించాలి. చలిరోజుల్లో 10 సెంటీమీటర్ల మంచు ఉంటే ఆ రోజు ఉష్ణోగ్రతను 0.73తో, 20 సెంటీమీటర్లుంటే 0.53తో, 40 ఉంటే 0.28తో గుణించండి. మంచు లేని నేల మీద వరుసగా సున్నాకు 10 డిగ్రీల దిగువ చలి ఉంటే పదో రోజుకే అంకె 83 దాటుతుంది. అదే చలిలో 20 సెంటీమీటర్ల మంచు పరుచుకుని ఉంటే దాదాపు మూడు వారాలు పడుతుంది. మంచు వేడిని సరిగా ప్రసరింపజేయదు కనుక కింద నేలను కాపాడుతుంది. చలికాలం తొలి రోజుల్లోనే మంచు మందంగా పడిందా, లేక నేల చాలాకాలం బోడిగా ఉండి తర్వాత పడిందా అని అక్కడి రైతులు, అంచనాకారులు అడిగేది ఇందుకే. వెచ్చటి రోజులకు ఈ తగ్గింపు ఇంకా తీవ్రంగా ఉంటుంది: 10 సెంటీమీటర్ల మంచు ఉన్నా ఉష్ణోగ్రతను 0.14తో గుణించాలి. పైన మంచు ఉన్నంతకాలం బయటి వెచ్చదనం నేలకు దాదాపుగా అందదు.

ఈ అంకె నేల గడ్డకట్టిందో లేదో చెబుతుంది కానీ, ఏ గొట్టంలా గడ్డకట్టిందో చెప్పదు. దానికి శరదృతువు వానల లెక్క కలపాలి.

అక్కడి వరద అంచనాను చదవడం

మీ అబ్బాయో అమ్మాయో ఉత్తర డకోటాలోని ఫార్గోలోనో, మానిటోబాలోని విన్నిపెగ్‌లోనో ఉంటే ఫిబ్రవరి నుంచి వచ్చే వసంత వరద అంచనాలో ఐదు సంగతులు వెతకండి: మంచు పడకముందు నేల ఎంత తడిగా ఉంది, గడ్డకట్టిన లోతు ఎంత, పేరుకున్న మంచు కరిగితే ఎన్ని అంగుళాల నీరు, అది నెమ్మదిగా కరుగుతుందా ఒక్కసారిగానా, దాని మీద వాన పడే సూచన ఉందా. మంచు ఎత్తును చూసి భయపడకండి, ధైర్యపడకండి, దానిలో దాగిన నీటి లోతే లెక్క. అమెరికాలో జాతీయ వాతావరణ సేవా సంస్థకు 13 నదీ అంచనా కేంద్రాలున్నాయి, ఫార్గో ప్రాంతపు అంచనాలు మిన్నెసోటాలోని చాన్‌హాసెన్ కేంద్రం నుంచి వస్తాయి. ముందస్తు అంచనాల్లో ఒకే మట్టం కాక ‘ఇంత మట్టం దాటడానికి ఇంత శాతం అవకాశం’ అని ఉంటుంది. పది శాతం అని రాసి ఉంటే రాదని కాదు అర్థం.

ఆ ప్రాంతపు రెడ్ నది ఉత్తరానికి పారుతుంది. దక్షిణాన ఎగువభాగంలో మంచు ముందు కరిగి, ఆ నీరు ఇంకా గడ్డకట్టి ఉన్న దిగువ భాగం మీదికి వస్తుంది. భూమి పాత సరస్సు అడుగు కనుక పళ్ళెంలా చదునుగా, బంకమట్టిగా ఉంటుంది. 1997లో ఆ నది ఒడ్డునున్న గ్రాండ్ ఫోర్క్స్‌లో నీరు 49 అడుగులకు చేరుతుందని అంచనా వేస్తే, ఏప్రిల్‌లో అది 54 అడుగులు దాటి నగరాన్ని ముంచింది. తడిసిన శరదృతువు, వరుస మంచు తుపానులు, ఏప్రిల్ మొదట్లో వచ్చిన చివరి తుపాను, నదిలోని మంచుగడ్డలు అన్నీ అందులో ఉన్నాయి, ఒక్క నేలనే కారణంగా చూపడం న్యాయం కాదు. 2009 మార్చి 28న ఫార్గోలో నీటిమట్టం 40.84 అడుగులకు చేరింది. అక్కడ 18 అడుగులకు చేరితేనే వరదగా లెక్క.

వాన విషయాన్ని తేలిగ్గా తీసుకోవద్దని 2019 మార్చి చెబుతుంది. అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో గడ్డకట్టిన నేల మీద, మంచు మీద భారీ వాన కురిసి, మంచు కూడా కరిగి, నీటికి ఇంకే చోటు లేక నదుల్లోకి దూకింది. మార్చి 14న నయోబ్రారా నది మీది స్పెన్సర్ ఆనకట్ట వరదకూ, కొట్టుకొచ్చిన మంచుగడ్డలకూ తెగిపోయింది.

అదే లెక్క మన వానకు

ఇక మన నేల. ఇక్కడ మంచు బదులు నీరే రంధ్రాలను మూస్తుంది. 2021 నవంబర్ 11న ఒక వాయుగుండం చెన్నై దగ్గర తీరం దాటింది, 19 తెల్లవారుజామున మరొకటి పుదుచ్చేరి, చెన్నై మధ్య దాటింది. మొదటి వానలతో చెరువులు, నేలలు నిండి ఉన్నప్పుడు రెండో వాన వచ్చింది. స్వర్ణముఖి పొంగింది, తిరుమల కొండల నుంచి నీరు జలపాతాలై దిగింది, 19న పక్కనున్న కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఊళ్ళు కొట్టుకుపోయాయి, ఆ తర్వాత రాయలచెరువు కట్టకు గండి పడే ప్రమాదం రావడంతో దిగువ గ్రామాలను ఖాళీ చేయించారు. రెండో వాన ఎండిన నేల మీద కురిసి ఉంటే దానిలో ఎంతోకొంత నేలలోనే ఆగేది.

చలి లెక్కలాంటిదే వాన లెక్క. నిలువు గోడలున్న వెడల్పాటి డబ్బాను చెట్లకూ గోడలకూ దూరంగా, నేలకు అడుగు ఎత్తున కదలకుండా నిలపండి. ప్రతి ఉదయం ఎనిమిదిన్నరకు స్కేలుతో నీటి లోతును మిల్లీమీటర్లలో కొలిచి డబ్బా ఖాళీ చేయండి, వాతావరణ శాఖ రోజు లెక్క కూడా ఆ వేళకే మారుతుంది. నిన్నటి అంకెను 0.9తో గుణించి ఈ రోజు వానను కలపండి. అక్టోబర్ మొదట్లో సున్నాతో మొదలుపెట్టవచ్చు. ఉదాహరణకు ఒక రోజు 80, మరుసటి రోజు 60 మిల్లీమీటర్లు కురిస్తే అంకె 132 అవుతుంది. తర్వాత ఆరు రోజులు చినుకు లేకపోయినా అది ఇంకా 70 దగ్గరే ఉంటుంది. ఏడో రోజు కురిసే వాన ఆ 70 మీద కురుస్తుందన్నమాట. ఎండ తీవ్రంగా కాసే రోజుల్లో 0.9 బదులు 0.85, మబ్బు పట్టి నేల ఆరని కార్తీకంలో 0.95 వాడితే మన నేలకు దగ్గరగా వస్తుంది.

ప్రమాదపు హద్దు ఎంత అన్నది పుస్తకం చెప్పదు, మీ ఊరే చెప్పాలి. మీ చెరువు మరవ (నిండిన నీరు పొర్లిపోయే అలుగు) మొదటిసారి పారిన రోజున, వాగు దాటలేకపోయిన రోజున, వీధిలోకి నీరు వచ్చిన రోజున మీ అంకె ఎంత ఉందో పక్కన రాసుకోండి. రెండు మూడు ఏళ్ళు రాస్తే మీ ఊరి హద్దు తేలుతుంది. ఎర్ర నేల మీద వాన దెబ్బకు పైపొర పెచ్చుకట్టిన పొలాలు, సిమెంటు వేసిన కొత్త కాలనీలు పరీవాహక ప్రాంతంలో పెరిగితే ఆ హద్దు కిందికి దిగుతుంది కనుక ఏటా సరిచూసుకోవాలి.

వాతావరణ శాఖ 24 గంటల్లో 64.5 నుంచి 115.5 మిల్లీమీటర్ల వానను భారీ అనీ, 115.6 నుంచి 204.4 వరకు అతి భారీ అనీ, ఆపైన అత్యంత భారీ అనీ పిలుస్తుంది. మీ అంకె హద్దుకు దగ్గరగా ఉన్నప్పుడు భారీ అన్న హెచ్చరిక వచ్చినా, దాన్ని అతి భారీ హెచ్చరికతో సమానంగా తీసుకోండి. ఆ సాయంత్రమే పశువులను కట్ట దిగువ నుంచి మెరక మీదికి తోలండి, మోటారు స్టార్టర్లను విప్పి ఇంటికి తెచ్చుకోండి, మరవ కాలువలో చిక్కుకున్న కంపనూ చెత్తనూ వెలుతురు ఉండగానే తీసేయండి, కట్ట మీద ఎక్కడైనా నీరు ఊరుతూ కనిపిస్తే పొద్దుపోయినా సరే గ్రామ సచివాలయానికీ తహసీల్దారు కార్యాలయానికీ తెలియజేయండి.